తిరిగి వచ్చినవాడు



గురువిద్యాలయం విడిచి ఇంటికి వచ్చిన యువకుణ్ణి మన ఊళ్ళలో ఏళ్ళ తరబడి "తిరిగి వచ్చినవాడు" అనే అంటారు. పిలుపు లేదని తేలితే అతడు చెడిపోయినట్టేనా? దీనికి మన దేహంలోనే ఒక పోలిక ఉంది.

రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైన థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. దానితో పనేమీ లేదని వైద్యులు చాలాకాలం అనుకొన్నారు. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దానిని తీసివేస్తే, వాటి రోగనిరోధక శక్తి కుంటుపడింది. ఎముక మూలుగ నుంచి వచ్చే కణాలు ఇక్కడే టి కణాలుగా తయారవుతాయి.

ఇక్కడి లేత కణానికి ఒక దశలో సి.డి.4, సి.డి.8 అనే రెండు గుర్తులూ ఉంటాయి. చివరికి ఒకటే మిగలాలి. సి.డి.4 మిగిలితే అది ఇతర కణాలకు తోడ్పడే సహాయక కణం; హెచ్.ఐ.వి. సోకినవారికి రక్తపరీక్షలో లెక్కించేది దీనినే. సి.డి.8 మిగిలితే వైరస్ సోకిన కణాలను చంపే కణం. ఏది కావాలో ఎలా తేలుతుంది? అమెరికాలోని ఆల్ఫ్రెడ్ సింగర్ బృందం ఇచ్చిన వివరణ నాకు ఎంతో నచ్చింది. గ్రంథిలోని కణాల నుంచి సంకేతం అందగానే లేత కణం ముందుగా సి.డి.8ను తగ్గించుకొంటుంది. అయినా సంకేతం సాగుతూ ఉంటే సహాయక కణమవుతుంది. తెగిపోతే? చచ్చిపోనక్కరలేదు. ఇంటర్‌ల్యూకిన్-7 అనే పదార్థం ఆసరాతో సి.డి.8ను తిరిగి తెచ్చుకొని రెండవ పనికి సిద్ధమవుతుంది. ఆ పని తక్కువదని ఏ వైద్యుడూ అనడు.

పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. కణానికి మనసు లేదు. పునీత అక్వినాస్ తోమాసువారు చెప్పిన బాణం వంటిది, గురి విలుకానిది. మనిషికి స్వేచ్ఛ ఉంది. పైగా థైమస్‌లోని కణాలలో నూటికి 95కు పైగా అక్కడే నశిస్తాయి. దేవుడు తన బిడ్డలను అలా ఏరి పారవేయడు.

కాని ఒకటి అడుగుతాను. తొలి ఉత్సాహం తగ్గాక కూడా పిలుపు వినిపిస్తోందా అని పరీక్షించడానికే కదా గురువిద్యాలయంలో అన్ని సంవత్సరాలు? వినిపించలేదని నిజాయితీగా చెప్పి వచ్చినవాణ్ణి తల్లిదండ్రులు పెళ్ళిళ్ళకు కూడా తీసుకుపోకుండా దాచడం ఏమిటి? అతడు నేర్చిన వేదగ్రంథం, ప్రార్థన ఎక్కడికీ పోలేదు. ఉపదేశులు లేని గ్రామాలు మన మేత్రాసనంలో ఇంకా ఉన్నాయి. అతనికి ఇష్టమేమో, ఒకసారి అడిగి చూడండి.