చెయ్యి ఎవరిది?

గుడియాత్తం గంగమ్మ శిరసు పండగ చూడని తెలుగువాళ్ళు మన వేలూరు పక్క తక్కువ. తమిళ వైకాసి నెల మొదటి రోజున, అంటే మే నెల నడుమ, తరణంపేట ముత్యాలమ్మ గుడినుంచి అమ్మవారి శిరసు బయలుదేరి గోపాలపురం గంగమ్మ గుడికి చేరుతుంది. దారి పొడుగునా పూలమాలలు, పగిలే కొబ్బరికాయలు, పులివేషాలు, కర్రసాము, గుర్రాల ఆట. 2016లో ఆ ఊరేగింపులో నేనొక చిన్న సంగతి చూశాను. దానికి నాలుగు నెలల ముందు, బ్యాంకు కుర్చీలో కూర్చుని నేనొక పని చేసి ఉన్నాను. ఈ రెండూ కలిసి నన్ను ఇన్నేళ్ళుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాయి. ఉద్యోగంలో కూర్చుని చేసిన పనికి మనిషి ఎంతవరకు జవాబుదారి? నేను బి.కాం. చదివినవాణ్ణి, తత్వశాస్త్రం తెలియదు. నాకు తెలిసిన లెక్కల పద్ధతిలోనే చెబుతాను.

అప్పుడు అణైకట్ దగ్గర ఒక చిన్న శాఖకు మేనేజరుగా ఉన్నాను. 2016 జనవరిలో ఒక పెద్దాయన అప్పు కోసం వచ్చాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మనందరిలాగే. జాతరలకు బుట్టబొమ్మలు, కీలుగుర్రాలు, ఎద్దులు, నెమళ్ళు కట్టడం, వాటిలో దూరి ఆడడం ఆయన వృత్తి. 2015 నవంబరు వానలకు ఇల్లు కురిసి బొమ్మలన్నీ నాని పోయాయి. వైకాసిలోగా కొత్తవి కట్టుకోవాలి. నలభై వేలు అడిగాడు.

తనిఖీకని వాళ్ళ ఇంటికి పోయాను. పశువుల కొట్టమే కార్ఖానా. జవ్వాది కొండల వెదురును చీల్చి బద్దలు చేసి, ఆ బద్దలతో నడుముకింద గంపలాగా, పైన భుజాల చట్రంలాగా అల్లి ఉన్నాడు. తలను మొదట బంకమన్నుతో చేస్తారు. దానిమీద చింతగింజల గంజితో పాత పేపర్లు పొరమీద పొర అంటించి, ఎండినాక లోపలి మన్ను తీసేస్తారు. మిగిలేది డొల్ల. దానికే కండ్లు, ముక్కుపుడక, నవ్వు. బొమ్మ నిలువు తొమ్మిది అడుగులుంటుంది. బరువంతా లోపలి మనిషి భుజాలమీద. ఆయన కండ్లు వచ్చేది బొమ్మ పొట్ట దగ్గరికి, అక్కడ పలచని గుడ్డ కప్పిన చిన్న కన్నం. ఆయనకు కనిపించే లోకమంతా అంతే.

"తల తేలిగ్గా ఉండాల సారూ. లేకుంటే గాలొస్తే మనిషినే పడేస్తాది" అన్నాడు.

నన్ను ఆశ్చర్యపరిచింది కదిలే భాగాలు. ఎద్దు మెడలో బెత్తం చుట్టలు వరసగా గుడ్డకు కుట్టి ఉన్నాయి. లోపలినుంచి కట్టెతో తోస్తే మెడ వంగుతుంది. నెమలి ముక్కుకు ఒక దారం. లోపలున్నవాడు వేలికి చుట్టుకుని లాగితే ముక్కు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. బుట్టబొమ్మ చేతులకు మాత్రం దారమూ లేదు, కట్టే లేదు. భుజం దగ్గర, మోచేతి దగ్గర వదులుగా కుట్టిన గుడ్డ, అరచేతిలో కాస్త కొబ్బరిపీచు. మనిషి గిర్రున తిరిగితే ఆ చేతులు లేస్తాయి, ఆగితే వాలిపోతాయి.

"కీలు యాడ పెట్టాలో తెలిస్తే చాలు సారూ. బొమ్మకు పానం వచ్చేది ఆడనే."

గుర్రం ఆటను తమిళులు పొయ్‌క్కాల్ కుదిరై అంటారు, అంటే అబద్ధపు కాళ్ళ గుర్రం. మనం కీలుగుర్రం అంటాము, కన్నడిగులు కీలు కుదురె అంటారు. తమిళుల పేరు అబద్ధాన్ని చూపిస్తుంది, మన పేరు కీలును చూపిస్తుంది. కట్టెకాళ్ళమీద ఆడే ఆట చాలా పాతది. శిలప్పదికారంలో మాధవి ఆడిన పదకొండు ఆటల్లో మరక్కాల్ ఒకటి. పాములుగా, తేళ్ళుగా వచ్చిన అసురులను తొక్కడానికి దుర్గ కట్టెకాళ్ళమీద ఆడిందని దాని కథ.

తనిఖీ ముగించి వచ్చి కాగితం ముందు పెట్టుకున్నాను. ఆస్తి విలువ అన్న గడిలో ఏమి రాయాలి? వెదురు, పేపరు, పాతచీరలు. రేపు బాకీపడితే వేలం వేసినా ఏమీ రాదు. అంతకుముందు ఏడాది నేనిచ్చిన రెండు చిన్న అప్పులు మొండిబాకీలై ఉన్నాయి. సమీక్షలో మాట పడి ఉన్నాను. మూడోది నా పేరున పడకూడదన్న భయం నాది. రెండు రోజుల తరువాత ఆయన వస్తే ఇట్లా చెప్పాను.

"నాదేమీ లేదన్నా. పూచీ లేకుంటే పై ఆఫీసు ఒప్పుకోదు."

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇది అబద్ధం. చిన్న పరిశ్రమలకు పది లక్షల వరకు పూచీ అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ముద్ర పథకంలో శిశు అనే మెట్టు యాభై వేలలోపు అప్పుల కోసమే. నలభై వేలు మంజూరు చేసే అధికారం నాకే ఉంది. పై ఆఫీసుకు ఆ కాగితం పోనేలేదు. కాదన్నది నేను, చెప్పింది పై ఆఫీసు పేరు.

మే నెలలో కుటుంబంతో గుడియాత్తం పోయాను. ఊరేగింపులో ఒక బుట్టబొమ్మ వస్తున్నది. నవ్వుమొహం చూసి ఆయన చేతిపనేనని గుర్తుపట్టాను. మేళం జోరందుకోగానే బొమ్మ గిర్రున తిరిగింది. చేతులు లేచాయి. తండ్రి భుజాలమీద కూర్చున్న ఒక పిల్లవాడి మొహానికి ఆ చెయ్యి తగిలింది. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "బొమ్మ తగిలిందిలే, పండగలో మామూలే" అంటున్నారు. తండ్రి కూడా ఏమీ అనలేదు. కానీ బొమ్మ ఆగింది, కూలబడింది. చట్రం కిందినుంచి ఆ పెద్దాయన చెమటతో తడిసి బయటికి వచ్చాడు. పిల్లవాడి చెంప నిమిరి, తండ్రికి దండం పెట్టి, "బొమ్మ కాదు నాయనా, నేను తిరిగితే గదా దాని చెయ్యి లేచింది. నేనే చూసుకోలేదు" అని తమిళంలో చెప్పాడు. మళ్ళీ బొమ్మలో దూరాడు.

ఆయన కంటబడకుండా నేనొక కొబ్బరికాయల బండి వెనక్కి జరిగాను.

కష్టకాలంలో మనమందరం తోలుబొమ్మలమనీ, ఆడించేవాడు పైన ఉన్నాడనీ అనుకుంటాము. దుఃఖంలో ఉన్నవాడికి ఆ మాట ఓదార్పు, దాన్ని నేను కాదనను. కానీ ఆఫీసుల్లో ఈ మాటకు వేరే వాడకం ఉంది. రూలు అట్లా ఉంది, పైనుంచి వచ్చింది, నేను నిమిత్తమాత్రుణ్ణి. ఇక్కడే లెక్క తప్పుతున్నది. తోలుబొమ్మను ఆడించేవాడు బొమ్మకు బయట ఉంటాడు. బుట్టబొమ్మను ఆడించేవాడు లోపల ఉంటాడు. అధికారంలో ఉన్న మనిషి రెండో రకం. తాను మొదటి రకమని చెప్పుకుంటాడు, అంతే.

అమెరికాలో పిల్లల టెలివిజన్ కార్యక్రమంలో బిగ్ బర్డ్ అనే పసుపుపచ్చ పక్షి ఉంది. ఎనిమిది అడుగుల రెండు అంగుళాల ఎత్తు. 1969నుంచి 2015 వరకు కారొల్ స్పిన్నీ అనే ఆయన దానిలో దూరి ఆడించాడు. కుడిచెయ్యి తలమీదికెత్తి దానితో పక్షి ముక్కు ఆడించేవాడు. బయటికి చూడడానికి వీలులేక రొమ్ముకు చిన్న టీవీ కట్టుకునేవాడు. పక్షి ఎడమచేతిలో ఆయన ఎడమచెయ్యి ఉండేది. పక్షి కుడిచెయ్యి మాత్రం డొల్ల. దాన్ని చేపలు పట్టే సన్నదారంతో ఎడమచేతికి కట్టి ఉంచారు. ఎడమచెయ్యి కదిలితే అదీ కదులుతుంది. ఇది చదివినప్పుడు నా ఉద్యోగం స్పష్టంగా కనిపించింది. బ్యాంకులో నాకూ ఒక చెయ్యి రూలుకు కట్టిన డొల్లచెయ్యి. వడ్డీరేటు నేను మార్చలేను, గడువు నేను మార్చలేను. కానీ రెండో చెయ్యి నాదే. ఆ రోజు ఆ పెద్దాయనను కాదన్నది ఆ రెండో చెయ్యే. డొల్లచేతిని చూపించి, అదే కాదన్నదని చెప్పాను.

కామర్సు చదివిన వాళ్ళందరికీ సాలమన్ కేసు తెలుసు. ఆరన్ సాలమన్ తోలు బూట్ల వ్యాపారి, మన ఆంబూరు, వాణియంబాడి పనే. తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. కంపెనీ వేరు, సాలమన్ వేరు అని ఇంగ్లండు ప్రభువుల సభ 1896లో తీర్పు చెప్పింది. కంపెనీ అనేది చట్టం కట్టిన బుట్టబొమ్మ. అదే చట్టం ఇంకో పాఠం కూడా చెబుతుంది. మోసానికి ఆ ముసుగును వాడుకుంటే కోర్టు ముసుగు తీసి లోపల ఎవరున్నారో చూస్తుంది. పరీక్షలో ఈ రెండు పాఠాలూ రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను.

దీనికి ఎదురుమాట ఉంది, అది చిన్నది కాదు. ఆఫీసుకు ఒక మొహం ఉండాలి, అది ఎవరి సొంత మొహమూ కాకూడదు. ప్రతి అధికారి తన మనసుకు తోచినట్టు ఇస్తే తన కులంవాళ్ళకు, తన భాషవాళ్ళకు ఇస్తాడు. ఇక్కడ తక్కువసంఖ్యలో ఉన్న మనకు ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. రూలు అనే ఆ బొమ్మమొహమే మనలాంటివాళ్ళకు రక్షణ. దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. బొమ్మను తగలబెట్టమని నేను అనడం లేదు. ఆయనకు అప్పు ఇచ్చి తీరవలసిందనీ అనను. జాగ్రత్తపడడం కూడా నా ఉద్యోగమే. నా తప్పు కాదనడంలో లేదు, ఎవరు కాదన్నారో దాచడంలో ఉంది. బొమ్మ మొహాన్ని కప్పవచ్చు, చేతిని కప్పకూడదు.

శిరసు పండగ కథ కూడా ఇట్లాంటిదే. జమదగ్ని ఆజ్ఞ ఇచ్చాడు, పరశురాముడు తల్లి తల నరికాడు. పై ఆజ్ఞ అనే మాటకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. తండ్రి వరం కోరుకోమంటే కొడుకు తల్లి ప్రాణం అడిగాడు. ఆజ్ఞ తండ్రిదే అయినా చెయ్యి తనదని ఆయనకు తెలుసు. అయినా జరిగినది ఉన్నదున్నట్టు వెనక్కి రాలేదు. రేణుక తల, ఆమెతోపాటు తెగిన మరొక ఆడమనిషి ఒంటికి అతుక్కుంది. ఆ మనిషిని తక్కువ కులందని చెబుతారు. అందుకే నేటికీ గోపాలపురంలో శిరసును తెచ్చి ఆ రెండో ఆమె శరీరం మీద అమరుస్తారు. మనం శిరసుకు దండం పెడతాము. కింద ఉన్న ఒళ్ళు ఎవరిదని అడిగేవాళ్ళు తక్కువ.

నా లెక్క కూడా ఉన్నదున్నట్టు సరికాలేదు. మా శాఖ అటెండరు తరువాత చెప్పాడు. ఆ పెద్దాయన బయట ఇరవై వేలు పది వడ్డీకి తెచ్చాడట. ఒక బొమ్మ మాత్రమే కట్టాడట. నెలకు రెండు వేలు వడ్డీ. మా బ్యాంకులో అయితే అదే మొత్తానికి నెలకు సుమారు రెండు వందలు. ఆ తేడా ఏ ఖాతాలోనూ నా పేరున ఎక్కలేదు.

2023లో బదిలీమీద మళ్ళీ వేలూరు వచ్చాను. ఒక ఆదివారం అణైకట్ పోయాను. ఆయనకు మోకాళ్ళు పోయాయి. ఇప్పుడు మేనల్లుడు ఆడుతున్నాడు, ఈయన కట్టి ఇస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చాడు. కాఫీ వచ్చింది. నేను చెప్పవలసింది చెప్పాను. ఆనాడు పై ఆఫీసు ఏమీ అనలేదనీ, కాదన్నది నేనేననీ.

ఆయన చేతికంటిన గంజి తుడుచుకుంటూ కాసేపు ఊరకున్నాడు. తరువాత అన్నాడు.

"ఆ పొద్దే ఆ మాట చెప్పుంటే, ఇంకొక్క మాట అడిగుందును సారూ. పై ఆఫీసు అంటిరి గదా, ఇంక ఎవుర్ని అడిగేది అని వచ్చేస్తిని."

నా అబద్ధం ఆయనకు ఏమి నష్టం చేసిందో అంతవరకు నాకు సరిగ్గా తెలియలేదు. నేను కాదంటున్నానని చెప్పి ఉంటే, ఎందుకు కాదంటావని ఆయన అడిగేవాడు. రెండు జాతరల ఆదాయం చెప్పేవాడు, నాలుగు ఊళ్ళ ధర్మకర్తలను తెచ్చేవాడు. నేను మారి ఉందునో లేదో తెలియదు. కానీ అడిగే అవకాశం ఆయనది. దాన్ని నేను తీసేశాను. మనిషితో వాదించవచ్చు, బొమ్మతో వాదించలేము.

ఆయన నన్ను క్షమించాడని చెప్పను. ఆ మాట ఆయన అనలేదు, నేను అడగలేదు. వచ్చేటప్పుడు మేనల్లుడు కట్టుకోబోయే కొత్త బొమ్మ చూపించాడు. దాని కన్నం పాతదానికంటే కాస్త వెడల్పుగా ఉంది. "పిల్లోళ్ళు కనిపించాల గదా" అన్నాడు.

అప్పటినుంచి అప్పు లేదని చెప్పవలసి వస్తే, "నేను ఇవ్వడం లేదు, కారణం ఇది" అని చెబుతున్నాను. కొందరు కేకలు వేశారు. ఒకాయన నా మీద పై ఆఫీసుకు రాశాడు. ఇద్దరి విషయంలో మాత్రం, వాళ్ళు తిరిగి అడిగి కాగితాలు చూపించినందువల్ల, నా నిర్ణయమే తప్పని తేలి మార్చుకున్నాను. ఇంతకుముందు నేను పై ఆఫీసు పేరు చెప్పి పంపేసిన వాళ్ళలో అట్లాంటివాళ్ళు ఎందరుండేవాళ్ళో, ఆ లెక్క మాత్రం నా దగ్గర లేదు.