ఆరె, పానా

పాత మారుతి 800 కొన్నాను. 1997 మోడలు. మెకానిక్‌కు ఇచ్చే స్తోమత లేక కొంత, తెలుసుకోవాలని కొంత, ఆదివారాలు నేనే బానెట్ లేపుతాను. పక్కింటాయన గోడ మీంచి చూసి నవ్వాడు: "ఎంత సదివినా మీ చేతులు ఊరుకోవు గద సారూ!"

అదే పని ఆయన కొడుకు చేస్తే సరదా. నేను చేస్తే కులం.

తెల్లారి కిరసనాయిలుతో గోళ్లు తోమి తోమి బడికి పోయాను. అయినా పిల్లల ముందు చేతులు దాచుకున్నాను. తోలు వాసనను మా నాయిన ఎక్కడ దాచుకున్నాడు? "ఈ ఆరె నాతోనే ఆగిపోవాలె బిడ్డా" అని నన్ను బడికి తోలినోడాయన. మరి నేను పానా పట్టడం ఆయనకు ద్రోహమా?

మొన్న ఇంజన్ మిస్సింగ్ కొట్టింది. మూడు సిలిండర్లు. తిరుగుతుండగా ఒక్కో ప్లగ్గు వైరు పీకి చూడాలె. ఏది పీకితే చప్పుడు మారదో అది చచ్చిన సిలిండరు. ఇంజన్ ఆపాక నాయిన ఫ్యాన్ బెల్టును బొటనవేలితో వంచి, "లోపల పగిలింది, ఎక్కువ రోజులు ఆగదు" అన్నాడు. తిరగేసి చూస్తే నిజమే. ఆ వేలి చదువు నా డిగ్రీలో లేదు.

మా వాడ చేతులు పీకేస్తే ఊరు ఆగిపోయేది. అయినా పనికిరానోళ్లం మేమే అన్నారు.

కులం పనిని పంచడంతో ఆగలేదు, పనోళ్లనే విడగొట్టిందని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చాడు. తప్పు ఆరెది కాదు. దాన్ని కింద పెట్టే హక్కు నాయినకు లేకుండా చేసినోళ్లది. పానాను నేను కింద పెట్టగలను. కాబట్టే సిగ్గులేకుండా ఎత్తగలను.

నిన్న గ్రీజు గోళ్లతోనే క్లాసుకు పోయాను. "ఏంది సార్ అది?" అన్నాడొక పిల్లాడు. బోర్డు మీద సిలిండర్ బొమ్మ గీసి, చెప్పడం మొదలుపెట్టాను.