నేరస్థలంలో సంశయం

అనుమానాస్పద మృతి జరిగిన చోటికి మొదట చేరేది చాలాసార్లు గస్తీ కానిస్టేబులో, స్టేషన్ ఎస్సైయో. హంతకుణ్ణి పట్టుకునే బాధ్యత ఆ గంటలో అతనిపై ఉండదు. వెనక వచ్చేవారికి నిజం తెలుసుకునే వీలు చెడకుండా చూడటం మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. ఒక విషయం తెలిసిందని ఎప్పుడు అనవచ్చు, ఎప్పుడు అనకూడదు అని మన తార్కికులు శతాబ్దాలపాటు వాదించుకున్న ప్రశ్న అక్కడ అతనికి ఎదురవుతుంది.

అన్నిటికన్నా ముందు ప్రాణం. పడి ఉన్న మనిషిలో ఊపిరి ఉందేమో చూడాలి, ఉంటే ఆసుపత్రికి చేర్చాలి. ఆ హడావుడిలో రక్తపు మరకలు తొక్కినా, బట్టలు కత్తిరించినా తప్పు లేదు. ఎవరు దేన్ని కదిపారో రాసి ఉంచితే చాలు. ప్రాణం లేదని తేలాక ఇక దేన్నీ ముట్టకూడదు. చుట్టూ తాడు కట్టి, రాకపోకలకు ఒకే దారి ఉంచి, లోపలికి వెళ్లినవారి పేర్లు, వేళలు రాసుకోవాలి. ఫ్యాను తిరుగుతోందా, తలుపు గడియ లోపలినుంచి వేసి ఉందా అన్నవి కూడా. మెడకున్న తాడు తీయాల్సి వస్తే ముడి విప్పరు, ముడికి దూరంగా కోస్తారు. ముడి వేసిన తీరూ సాక్ష్యమే.

బొత్తిగా తెలియని విషయం మీదా, ఇప్పటికే తేలిపోయిన విషయం మీదా విచారణ సాగదని, సంశయం ఉన్నచోటే సాగుతుందని న్యాయసూత్రాల భాష్యంలో వాత్స్యాయనుడు అన్నాడు. ఆ సూత్రాలు రాసిన గౌతముడు తన పదహారు పదార్థాల్లో సంశయానికి చోటిచ్చాడు. తెలుగువాడైన అన్నంభట్టు మాత్రం తర్కసంగ్రహంలో దాన్ని అయథార్థానుభవాల్లో చేర్చాడు. ఇద్దరి మాటా నిలుస్తుంది. సంశయం జ్ఞానం కాదు, అది లేకపోతే జ్ఞానానికి ప్రయత్నమూ ఉండదు. గుమ్మంలోనే "ఆత్మహత్య" అని తేల్చేసిన ఎస్సై ఆ ప్రయత్నాన్ని మొదట్లోనే చంపేస్తాడు.

మెడమీద తాడు గుర్తు ఉరి వేసుకున్నా పడుతుంది, ఇంకొకరు బిగించినా పడుతుంది. సాధ్యం, అంటే రుజువు చేయాల్సిన విషయం, ఉన్నచోటా లేనిచోటా కనిపించే ఇలాంటి హేతువును సవ్యభిచారం అంటారు, దానితో ఏదీ రుజువు కాదు. గుర్తు పైకి ఏటవాలుగా ఉందా, మెడచుట్టూ అడ్డంగా ఉందా అని చూసినా చివరికి తేల్చాల్సింది పోస్టుమార్టం చేసే డాక్టరే. ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో కౌటిల్యుడు హఠాత్తుగా చనిపోయినవారి పరీక్షకు ఒక అధ్యాయమే కేటాయించాడు. శవానికి నూనె పూసి చూడమన్నాడు, ఊపిరాడక చనిపోయినవారికీ విషంతో చనిపోయినవారికీ వేరువేరు లక్షణాలు చెప్పాడు.

నేరస్థలానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది భాట్ట మీమాంసకులు, అద్వైతులు ఒప్పుకున్న అనుపలబ్ధి. నేలమీద కుండ లేదన్న సంగతి అది కనబడకపోవడం వల్లే తెలుస్తుంది. అయితే, ఉండి ఉంటే కనిపించి తీరే పరిస్థితి ఉండాలి. చీకట్లో కనబడలేదు కాబట్టి కుండ లేదంటే కుదరదు. లోతైన గాయాలున్న శవం కింద రక్తం లేకపోతే వేరేచోట చంపి తెచ్చారేమో అనిపిస్తుంది. ఎవరో నీళ్లు పోసి కడిగేశాక అదే "రక్తం లేదు" అన్న మాటకు విలువ పోతుంది. ఊరంతా తిరిగిన వాకిట్లో బయటివారి అడుగులు లేవనడమూ అంతే. క్లూస్ టీమ్ వచ్చేదాకా జనాన్ని ఆపడమంటే, లేనిదాన్ని లేదని ధైర్యంగా చెప్పగల స్థితిని నిలపడం. పోలీసు శిక్షణలో ఈ పనికి దక్కాల్సిన ప్రాధాన్యం ఎక్కువే.

ఇక్కడే ఆచారం అడ్డొస్తుంది. తెలుగు ఇళ్లలో పోయినవారి కళ్లు మూసి, నేలమీద పడుకోబెట్టి, తలదగ్గర దీపం పెడతారు. తర్వాత స్నానం చేయిస్తారు. ఇవి ఆపమనే పోలీసు ఆ క్షణంలో ఇంటివారికి రాక్షసుడిలాగే కనిపిస్తాడు. అయినా ఆపాలి. స్నానం పోస్టుమార్టం తర్వాతా చేయించవచ్చు, కడిగేసిన ఆధారం మళ్లీ రాదు. చనిపోయినవారికి జరిగిన అన్యాయం బయటపడటమూ వారికి తీర్చాల్సిన రుణంలో భాగమే. శవం ఫొటోలు వాట్సాప్‌లో తిప్పే పోలీసుకు మాత్రం ఈ వాదంలో చోటు లేదు.

చట్టం కూడా తొందరపడి తేల్చమనదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం, శవపంచనామాలో ఇరుగుపొరుగున ఉండే కనీసం ఇద్దరు పెద్దమనుషుల సమక్షంలో గాయాలు వర్ణించి, పైకి తోచే మరణకారణం రాయాలి. ఎవరు కొట్టారు, ఎలా కొట్టారు అన్న వివరాలు అందులో ఉండనక్కర్లేదని 1975లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నివేదిక 24 గంటల్లో జిల్లా మేజిస్ట్రేటుకు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు గానీ పంపాలి.