పొయ్యి పొగయు పద్దు పుస్తకమును

పల్లెలో ఒక ఇల్లాలు పుల్లలు ఏరి తెచ్చి బిడ్డలకు అన్నము వండునప్పుడు లేచిన పొగయు, పట్టణమున ఒక శ్రీమంతుని విమానయాత్రకై మండిన చమురు పొగయు ఒకే పద్దున, ఒకే ధరకు వ్రాయదగినవేనా? ఆకాశమునకు ఈ భేదము తెలియదు. అది దేనినైనను తూకము ప్రకారమే తీసికొనును. కాని చట్టము వ్రాయువారు మనుష్యులు. వారికి భేదము తెలియవలెను గదా!

ఈ వివాదము నేటిది కాదు. 1990లో అమెరికాలోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ వారు భూమిని వేడెక్కించు దేశముల పట్టిక నొకదానిని ప్రకటించి, అందు భారతదేశమును ముందు వరుసలోనే నిలిపిరి. వరిమళ్ల నుండియు, పశువుల నుండియు వెలువడు మీథేను సయితము ఆ లెక్కలో చేరినది. మరుసటి యేడు ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పక్షమున అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ గార్లు దానికి జవాబు వ్రాసిరి. బ్రతుకుటకు విడుచు పొగ వేరు, భోగమునకు విడుచు పొగ వేరు అని వారి వాదము. 1993లో హెన్రీ షూ అను తత్త్వవేత్తయు ఇట్టి విభజననే చేసెను. ఉన్నవాడు తన సొగసులు మానుకొనక, లేనివానిని కూడు తగ్గించుకొమ్మనుట న్యాయము కాదని దాని సారాంశము.

ఇంతవరకు ఒప్పుకొనుట సులభము. కష్టమంతయు దీని తరువాతనే ఉన్నది. అట్లయిన ఆ పొయ్యి జోలికి పోవద్దని దయగలవారు అనవచ్చును. కాని ఆ పొగ మొదట తాకునది ఆకాశమును కాదు, ఆ ఇల్లాలి గుండెను, ఊపిరితిత్తులను. ఇండ్లలోని వంటపొగ వలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఐదేండ్లు నిండని పసివాండ్రే రెండు లక్షలకు పైబడి యున్నారు. కట్టె సహజమైనది గనుక నిర్దోషమను మాటయు పూర్తిగా నిజము కాదు. చెట్టు మరల పెరిగినచో బొగ్గుపులుసు వాయువు తిరిగి దానిలోనికే చేరును. కట్టె సరిగా కాలనప్పుడు వచ్చు మసియు, మీథేనును అట్లు చేరవు. కాన పొయ్యిని దాని మానాన వదలివేయుట దయ యనిపించుకొనదు.

పోనీ, నిషేధించిన సరిపోవునా? స్కాట్లండులో ఆ పనియు చేసి చూచిరి. 2024 ఏప్రిల్ 1 నుండి అక్కడ కొత్తగా కట్టు ఇండ్లలో కట్టెల పొయ్యి ప్రధానముగా పెట్టుకొనరాదని నిబంధన వచ్చినది. కొండసీమలవారు, దీవులవారు మొరపెట్టుకొనిరి. గాలివానలకు కరెంటు పోయి రోజుల తరబడి రాని చోట్ల, పక్క తోపులోని కట్టెయే వారికి దిక్కు. 2021 నవంబరు తుపానులో అది అనుభవమైనదే. ప్రభుత్వము పునరాలోచించి 2025 జనవరి 1 నుండి నిబంధనను సడలించినది. ఆ దేశమున ఇట్లుండగా, దాని పొరుగునే ఇంగ్లండులో డ్రాక్స్ విద్యుత్కేంద్రము అమెరికా, కెనడాల నుండి ఓడలలో తెచ్చిన కట్టెగుళికలను లక్షల టన్నులు కాల్చుచున్నది. ఆ పొగగొట్టపు బొగ్గుపులుసు వాయువు బ్రిటన్ ఉద్గారముల లెక్కలో సున్న! చెట్టు కొట్టిన దేశమే దానిని లెక్క వ్రాసికొనవలెనట. కట్టె ఒక్కటే, పద్దు వ్రాయు గుమాస్తాయే వేరు.

వర్తకులు ఇంకను శ్రద్ధగా చూడవలసిన బేరము మరియొకటి కలదు. పల్లె ఇండ్లకు మెరుగుపొయ్యిలు పంచి, దానివలన తగ్గినదను పొగకు టన్నుకొక కార్బన్ క్రెడిట్ చొప్పున చీటీలు వ్రాసి, పెద్ద కంపెనీలకు అమ్ముచున్నారు. కొన్నవారు తమ పొగలో అంత మాఫీ అయినట్లు చెప్పుకొందురు. 2024లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇట్టి పథకములను పరీక్షించి, నిజముగా తగ్గిన దానికి సుమారు తొమ్మిది రెట్లు క్రెడిట్లు జారీ అయినవని తేల్చిరి. ఒక వీశె సరకు చూపి తొమ్మిది వీశెలకు రసీదు వ్రాసిన అంగడికి మరల ఎవరైనను పోవుదురా? మోసమంతయు ఉద్దేశపూర్వకమని అనరాదు. కొత్త పొయ్యి ఇచ్చినంతనే పాతది ఆరిపోయినదని కాగితముపై ఎంచిరి. ఇంటిలో రెండును మండుచునే యున్నవి.

అగ్నియందును జీవమున్నదని నమ్మి, అక్కరకు మించి పొయ్యి రాజేయని కుటుంబములకు ఇందలి చిక్కు తెలియనిది కాదు. తాను చేయుట, చేయించుట, చేసినదానికి సమ్మతించుట అను మూడింటిలో దేనికిని ఒకరి సంయమము మరియొకరికి జమ కాదు. పేదరాలు తక్కువ కట్టె కాల్చినది గనుక మిల్లు యజమాని ఎక్కువ బొగ్గు కాల్చవచ్చునను లెక్క ఏ ఆవర్జాలోను కుదరదు. ఆమె పొయ్యికి సొమ్మిచ్చుట మంచిదే. దానిని పాత బాకీ తీర్చినట్లు వ్రాసికొనవచ్చును గాని, కొత్త సరకు కొన్నట్లు వ్రాసికొనరాదు.

ఇచ్చినంతనే బాకీ తీరదనుటకు ఒడిశా పల్లెలే సాక్ష్యము. అక్కడ పొగగొట్టముగల మట్టిపొయ్యిలు కట్టించి, రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు నాలుగేండ్లు గమనించిరి. మొదటి యేడు ఆడవారి ఊపిరిలో పొగ తగ్గినది. తరువాత పొయ్యిలు బీటలు వారినవి, గొట్టములు శుభ్రపరచువారు లేరైరి, ఫలితమును మాసిపోయినది. 2016లో వెలువడిన ఈ పరిశోధనలో ఆరోగ్యముగాని, ఇంధనపు పొదుపుగాని నిలిచినట్లు కనబడలేదు.

గ్యాసు సంగతియు అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము, 2016 మే 1న దేశమంతటికిని ఉజ్జ్వల పథకము వచ్చినవి. ఇవి చేసిన మేలు కొంచెము కాదు. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పల్లెటిండ్లలో నూటికి 43 మాత్రమే వంటకు శుభ్రమైన ఇంధనము వాడుచున్నట్లు తేలినది. కనెక్షను ఉచితమైనను సిలిండరు నింపుట ఉచితము కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర ఆరంభమైన రెండవ దీపం పథకము క్రింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితముగా ఇచ్చుచున్నారు. ఐదారుగురున్న ఇంటికి మూడింటితో సంవత్సరము గడవదు. నాలుగవదానికి డబ్బు చాలని నెలలో ఆ ఇల్లాలు మరల పుల్లలకే పోవును.