వైఫై తీసేసి చూడు, తల్లీ

కొత్త ఫ్లాటు వంటింటికి కొనాలనుకుంటున్నవి వాట్సాప్‌లో పంపావు కదా, చూశాను. తలుపు మీద తెర ఉన్న ఫ్రిజ్, ఫోనుతో నడిచే ఎయిర్ ఫ్రయర్, సరుకులు వేస్తే తనే కలిపి వండేసే యంత్రం, డిష్‌వాషర్, ఇండక్షన్ పొయ్యి. ఈఎంఐ లెక్కలు కూడా వేసుకున్నారు. ఇవన్నీ దండగ అనడానికి నేను రాయడం లేదమ్మా. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు మీరు, వంటింట్లో సాయం కావాల్సిందే. ఆ సాయం వీటిలో దేనివల్ల అందుతుందో కొనకముందే తేల్చుకోమంటున్నాను.

అందుకు ముందు మన వంటలో ఒళ్లు అలిసేదెక్కడో చూడు. కుక్కర్‌లో పప్పు ఉడుకుతున్నంతసేపూ నీకు పనేం లేదు. పనంతా అంతకుముందే ఉంది. గోంగూర ఆకు దూయాలి, చిక్కుళ్ల ఈనెలు తీయాలి, వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో వేయాలి, చింతపండు పిసకాలి, వెల్లుల్లి ఒలవాలి. తిన్నాక మళ్లీ బాండీ అడుగు తోమాలి, గట్టు తుడవాలి, సింకు కడగాలి. తనే వండే యంత్రం నీ చేతిలోంచి తీసుకునేది నడిమధ్య పనిని. కూర కలపడం, మంట తగ్గించడం అది చూసుకుంటుంది. ఆకు దూసేది నువ్వే, ఆఖరికి ఆ యంత్రపు గిన్నె కడిగేదీ నువ్వే. పని తక్కువగా ఉన్నచోట తెలివి పెట్టి అమ్ముతున్నారు. ఇలాంటి యంత్రాల మీద నా అనుమానమంతా ఇదే. మీరు రోజూ ఒకేరకం వంటలు వండుకునేవాళ్లయితే, పొయ్యి దగ్గర నిలబడటం నిజంగా కుదరకపోతే అది వేరే సంగతి. అప్పుడు కొనండి.

పని ఉన్నచోటే సాయపడ్డ యంత్రాలూ ఉన్నాయి. 1955లో కోయంబత్తూరులో కరెంటు గ్రైండరు పుట్టింది. అదే ఏడాది జపాన్‌లో తోషిబా వాళ్లు ఆటోమేటిక్ రైస్ కుక్కర్ అమ్మకానికి తెచ్చారు. ఇడ్లీ పిండి రుబ్బి రుబ్బి భుజాలు పడిపోయిన మా అమ్మల తరానికి ఆ గ్రైండరు ఎంత ఊరటో నాకు తెలుసు. రైస్ కుక్కర్ తెలివి ఇంకా ముచ్చటైనది. గిన్నెలో నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అన్నం నీళ్లన్నీ పీల్చుకోగానే అడుగు వేడి పైకి లేస్తుంది, ఆ వేడికే స్విచ్ టక్కున పడుతుంది. దానికి ఇంటర్నెట్టూ అక్కర్లేదు, పాస్‌వర్డూ అక్కర్లేదు. ఏ వస్తువు కొన్నా తెలివి ఇలా దాని ఒంట్లోనే ఉండాలని కోరుకో.

అందుకే షాపులో ఒక పని చెయ్యి. వైఫై తీసేసి, ఫోను బ్యాగులో పెట్టేసి, ఆ వస్తువును నడిపించి చూపమని అడుగు. మీటలతోనే అన్నీ పనిచేస్తే బేరం మాట్లాడు. యాప్ లేకపోతే సగం పనులు ఆగిపోయేదాన్ని మాత్రం ఇంటికి తేవద్దు. ఎందుకంటే యాప్ నీది కాదు, కంపెనీది. అమెరికాలో అనోవా అనే సంస్థ ఉంది. నీళ్లను ఒకే వేడి మీద నిలిపి మాంసం, చేపలు ఉడికించే కడ్డీలు అమ్ముతుంది. 2024 ఆగస్టులో వాళ్లు తమ యాప్‌లో కొత్తగా చేరేవాళ్లకు నెలకు 1.99 డాలర్ల చందా పెట్టారు. కొన్ని పాత మోడళ్లకు 2025 సెప్టెంబరు తర్వాత యాప్ పనిచేయదనీ ప్రకటించారు. కడ్డీ మీదే మీటలున్నాయి కాబట్టి కొన్నవాళ్లు వాటితోనైనా వాడుకోగలిగారు. ఆ మీటలే లేకపోతే బాగున్న వస్తువును పారేసుకోవాల్సి వచ్చేది.

తెర ఉన్న ఫ్రిజ్ విషయంలో మాత్రం వద్దనే చెబుతాను. ఫ్రిజ్ పదేళ్లు దాటి నడుస్తుంది, దాని తలుపు మీది తెర ఫోనులాగే నాలుగైదేళ్లకే పాతబడుతుంది. శాంసంగ్ 2025లో అమెరికాలో అలాంటి ఫ్రిజ్‌ల తెరల మీద ప్రకటనలు వేయడం మొదలుపెట్టింది. లక్షలు పోసి కొన్న ఫ్రిజ్ మీద ఎవరి సరుకో మనం చూస్తూ కూర్చోవాలా? తెరకు పెట్టే డబ్బు మంచి స్టార్ రేటింగ్‌కు పెట్టు. ఫ్రిజ్‌కు అంటించిన బీఈఈ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతాయో రాసి ఉంటుంది. నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకుండా ఆ అంకె చదువు, ఒకే సైజు ఫ్రిజ్‌లు రెండింటిని పోల్చు, తేడాను మీ కరెంటు రేటుతో పదేళ్లకు గుణించు. లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడు, స్టార్ల కొలత ఎప్పటికప్పుడు కఠినమవుతూ ఉంటుంది.

ఇండక్షన్ పొయ్యి ఎవరికోసమో నువ్వు రాయలేదు కానీ నాకు అర్థమైంది. మీ అత్తగారు పాలు పొయ్యి మీద పెట్టి మరచిపోతున్నారన్నావు ఆమధ్య. ఆవిడ కోసమైతే రెండో ఆలోచన పెట్టుకోకు, వెంటనే కొను. టైమర్ అయిపోగానే ఆగిపోతుంది, గిన్నె తీసేసినా ఆగిపోతుంది, మంట ఉండదు. అయితే నున్నటి గాజు మీద వేలు తాకించేది వద్దు. చూపు మందగించినవాళ్లకు ఏ మీట ఎక్కడుందో చేతికి తెలియదు. గుండ్రంగా తిప్పే మీట ఉన్నది వెతుకు. ఆవిడ ఇత్తడి గిన్నెలు, అల్యూమినియం గిన్నెలు దాని మీద వేడెక్కవు. అయస్కాంతం అడుగుకు అంటుకునే గిన్నెలే పనికొస్తాయి. 2000 వాట్ల పొయ్యి మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద నడవదు కాబట్టి గ్యాస్ కనెక్షన్ ఉంచుకోండి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో ఫోనుకు కబురు పంపే గ్యాస్ లీక్ అలారం మంచిది. దానికి పెట్టిన డబ్బు వృథా కాదు.

డిష్‌వాషర్ మీద మీ ఇద్దరికీ వాదన అయిందట. నా ఓటు కొందామన్న నీకే. రోజూ చేతులు నానిపోయే పనిని నేరుగా తీసుకునే వస్తువు అదొక్కటే. వైఫై లేని మామూలు మోడల్ తీసుకోండి. కడగడం అయిపోయిందని చెప్పడానికి ఫోను ఎందుకు, అది కూత కూస్తుంది కదా. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు అన్నావు, వాటిలో సున్నం ఎంతుందో పరీక్ష చేయించి, దాన్నిబట్టి మిషన్‌లో ఉప్పు సర్దుబాటు చేయమని బిగించడానికి వచ్చిన అబ్బాయిని అడగండి. లేకపోతే గ్లాసుల మీద తెల్లమచ్చలు పడతాయి. ఇనప పెనం, చెక్క గరిటెలు అందులో పెట్టకండి. వాటిని చేత్తో కడిగేది అల్లుడుగారు. మిషన్ వచ్చింది కదా అని ఆయన వాటా పని కూడా నీ మీద పడితే నాకు చెప్పు, నేను మాట్లాడతాను.

ఇక ఏది కొన్నా, మీ ఊళ్లో దాన్ని బాగుచేసే మనిషి ఉన్నాడో లేదో ముందు కనుక్కో. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు నువ్వే ఒకసారి ఫోను చేసి, ఆ మోడల్ విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో అడుగు. సరిగ్గా జవాబు చెప్పకపోతే ఆ మోడల్ వదిలెయ్. శనివారం షాపుకు వెళ్లేలోపు వంటింటి గుమ్మం వెడల్పు, ఫ్రిజ్ పెట్టే చోటు కొలిచి, డిష్‌వాషర్ దగ్గర నీళ్ల గొట్టం, 16 ఆంపియర్ల ప్లగ్ ఉన్నాయో లేవో చూసి నాకు పంపు. డిష్‌వాషర్, పొయ్యి ఈ నెల కొనేయండి, ఫ్రిజ్ మోడళ్లు ఇద్దరం కలిసి చూద్దాం.