వేదుడు చేయని పని

గురువు ఎంత బాధపెట్టినా ఓర్చుకోవడం శిష్యుడి ధర్మమా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మనవాళ్లు మహాభారతంలోని ధౌమ్యుడి శిష్యుల్ని సాక్ష్యానికి పిలుస్తారు. నీళ్లు ఆగకపోతే గండికి తానే అడ్డంగా పడుకున్న ఆరుణి, ఆకలికి జిల్లేడాకులు తిని చూపు పోయి బావిలో పడ్డ ఉపమన్యువు చాలామందికి తెలుసు. మూడో శిష్యుడు వేదుడి పేరు మాత్రం అంతగా వినపడదు. తెలుగు భారతంలో నన్నయగారు ఉదంకుడి గురువుగా పైలుణ్ణి చెప్పడంతో వేదుడు తెలుగువాళ్లకు మరీ దూరమయ్యాడు. సంస్కృత భారతం ఆదిపర్వంలో ఆ గురువు ఈ వేదుడే. కాడి మోసే ఎద్దులా ఎండకూ చలికీ ఆకలికీ ఓర్చి గురువింట చాకిరీ చేసి విద్య సంపాదించాడు. తీరా తానే గురువయ్యాక శిష్యులకు ఏ పనీ చెప్పలేదు, సేవ చేయమనలేదు. గురువింటి కష్టం తెలిసినవాడు కాబట్టి ఇంకొకరిని అందులోకి దింపడానికి మనసొప్పలేదని భారతమే కారణం చెబుతుంది.

నేటి పరిశోధనశాలల్లో చాలాచోట్ల జరుగుతున్నది దీనికి తలకిందులు. బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు 2020లో వెలువరించిన సర్వేలో నాలుగు వేలకు పైగా పరిశోధకులు పాల్గొంటే, 43 శాతం మంది తాము వేధింపులకు గురయ్యామన్నారు. 2019లో నేచర్ పత్రిక అడిగిన పీహెచ్‌డీ విద్యార్థుల్లో ఆ మాట అన్నవాళ్లు 21 శాతం. వాళ్లలో సగానికి పైగా, నోరు విప్పితే తమకే ముప్పు వస్తుందని భయపడ్డారు. ఆ భయం ఉత్తదేం కాదు. మన దగ్గరే చూడండి. నెలకు 37,000 రూపాయల జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) ఆగకుండా రావాలన్నా, రెండేళ్లకు అది సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్)గా మారాలన్నా, థీసిస్ సమర్పించాలన్నా గైడు సంతకం కావాలి. ఆ తర్వాత పోస్ట్‌డాక్‌కు ఆయన సిఫారసు ఉత్తరం కావాలి. అందరూ ఉన్న ల్యాబ్ మీటింగులో “నీకు పీహెచ్‌డీ ఎలా వస్తుందో చూస్తా” అన్న ఒక్క మాటకు అంత బరువు అందుకే.

సైన్సు తపస్సు లాంటిది, కటువుగా లేకపోతే పని రాదు, మేమూ ఇలాగే పడి వచ్చాం అని పెద్దలు అంటారు. తపస్సు అన్నమాట నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ కష్టం ప్రయోగమే పెడుతుంది. ఆర్నెల్లు పెంచిన కణాలు ఒక్క రాత్రిలో పాడవుతాయి, తేలిందనుకున్న ఫలితం రెండోసారి రాదు. దాన్ని ఓర్చుకోవడం సత్యానికి తల వంచడం. గైడు కోపానికి భయపడడంలో సత్యానికి చోటే లేదు. పైగా భయపడ్డ విద్యార్థి గైడు సిద్ధాంతానికి ఎదురొచ్చే ఫలితాన్ని చూపించడానికి జంకుతాడు, సైన్సుకు అంతకు మించిన చేటు లేదు. గీత నాలుగో అధ్యాయం కూడా జ్ఞానం కోసం గురువుకు మొక్కి సేవ చేయమంటూనే, ఆ రెంటి మధ్య ప్రశ్నించడాన్ని చేర్చింది. ఇక ‘మేమూ పడ్డాం’ అన్న వాదనకు జవాబు వేదుడే. ఆయన పడినదీ తక్కువేం కాదు. ఋషిఋణం తీరేది విద్యను చదివి, ముందుకు అందించడంతో. పడిన బాధను పంచితే ఏ ఋణమూ తీరదు.

అంత కష్టమైతే వదిలి వెళ్లవచ్చుగా అనేవాళ్లూ ఉన్నారు. యాజ్ఞవల్క్యుడు అలాగే వెళ్లాడు. గురువు వైశంపాయనుడు కోపించి విద్య తిరిగిచ్చేయమంటే కక్కేసి, సూర్యుణ్ణి ఆశ్రయించి శుక్లయజుర్వేదం పొందాడు. అందుకు ఆయన్ను గురుద్రోహి అనలేదు, మహర్షి అన్నాం. కానీ ఆయనకు వెళ్లడానికి సూర్యుడున్నాడు. నాలుగో ఏడు ల్యాబ్ విడిచిన విద్యార్థికి ఎవరున్నారు? డేటా, నోటుపుస్తకాలు అక్కడే ఉండిపోతాయి, వయసు ముదురుతుంది, ఇంటి దగ్గర అమ్మానాన్నలకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఆ దిక్కు సంస్థే కావాలి. వేధింపు రుజువైతే నిధులు ఆపగలిగే నిబంధనను వెల్‌కమ్ ట్రస్టు 2018లోనే పెట్టుకుంది. మన యూనివర్సిటీలు అంతకంటే చిన్న పనితో మొదలుపెట్టవచ్చు. ఫెలోషిప్ కాగితం మీద సంతకాన్ని గైడు ఒక్కరి చేతిలోంచి తీసి ముగ్గురు సభ్యుల కమిటీకి ఇవ్వండి. గైడులారా, మీ గురువు మీకేం చేశారన్న లెక్కను మీ విద్యార్థి దగ్గర తీర్చుకోకండి.