పోపులడబ్బాలో మాత్రలు

భర్త కొడుతున్నాడని ఏడ్చే మనిషికి డాక్టరు డిప్రెషన్ మాత్ర రాసిస్తే అది వైద్యమా, సర్దుకుపొమ్మని చెప్పడమా? స్త్రీవాదులం చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్నే ఇది. అడగడానికి కారణాలున్నాయి. చదవొద్దు, రాయొద్దు, పడుకో అనే ‘విశ్రాంతి చికిత్స’ని తనే అనుభవించాక షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ కథ 1892లో అచ్చయింది. 1960ల అమెరికాలో గృహిణుల అశాంతికి వేలియం జవాబైంది. మన దగ్గర భార్గవి దావర్ 1999లో భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

ఈ విమర్శంటే నాకు గౌరవం. కానీ అది సెమినారు హాలు దాటి ఇంట్లోకొచ్చాక ఏమవుతోందో కూడా చూడాలి. థీసిస్ రాస్తున్న రోజుల్లో నేను పధ్నాలుగు నెలలు ఎస్‌సిటలోప్రామ్ వేసుకున్నాను. “మందులు మనల్ని లొంగదీస్తాయి, మానెయ్” అంది ఉద్యమ మిత్రురాలొకామె. “ఆ మాత్రలు మంచివి కావే, మానేసి లలిత చదువుకో” అంది మా పిన్ని. రెండు సలహాల మధ్యా నాకు పెద్ద తేడా కనిపించలేదు. నా మాత్ర మీద ఇద్దరికీ అభిప్రాయముంది. దాని గురించి నీకెవరైనా ఏమైనా చెప్పారా అని మాత్రం ఇద్దరూ అడగలేదు.

చెప్పలేదు మరి. డాక్టరు నన్ను నాలుగు ప్రశ్నలడిగి, చెప్పాల్సిందంతా తోడొచ్చిన మా అన్నయ్యకి చెప్పాడు. మింగేది నేను, వివరం అన్నయ్యకి! నైతిక సమస్య నాకు మాత్రలో కంటే అక్కడ ఎక్కువగా కనిపించింది.

ఆ వివరం చిన్నదేం కాదు. ఈ మందు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఆరు. వికారం, నిద్రపట్టకపోవడం, కాలు నిలవని అలజడి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. ఇది తెలియకే చాలామంది పదోరోజున మానేస్తారు. పాతికేళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లల విషయంలో ఈ హెచ్చరికని 2004లో పెట్టించింది, 2007లో ఇరవై నాలుగేళ్ల దాకా పొడిగించింది. ఏ వయసులోనైనా అలజడి హఠాత్తుగా పెరిగితే వెంటనే డాక్టరుకి చెప్పాలి. మోకాళ్ల నొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్ దీనితో కలిస్తే కడుపులో రక్తస్రావం జరిగే అవకాశం పెరుగుతుంది. ట్రామడాల్ కలిస్తే ఇంకో రకం ప్రమాదం. లైంగిక కోరిక తగ్గుతుందన్న సంగతి సరేసరి. పెళ్లయినవాళ్లకి చెప్పడానికి సిగ్గు, పెళ్లికాని వాళ్లకి అవసరమే లేదనుకుంటారు కాబోలు.

మానడం ఇంకో కథ. వేలియంలా ఇంకా ఇంకా కావాలనిపించే మందు కాదిది. అలాగని ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, తలలో షాకు కొట్టినట్టు జిల్లుమంటుంది, ఊరికే ఏడుపొస్తుంది. జబ్బు తిరగబెట్టిందని భయపడతారు. బాగయ్యాక కూడా కనీసం ఆర్నెల్లు వాడి, డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ రావాలి. గర్భం నిలిచిందని తెలిసినా అంతే. ఆపాలా, కొనసాగించాలా అన్నది డాక్టరుతో కూర్చుని ఆమె నిర్ణయించుకోవాల్సిన సంగతి, అత్తగారు షీటు తీసి పారేసే సంగతి కాదు.

ఇప్పుడు నా స్నేహితురాలి సంగతి వినండి. ఆమె మాత్రలు పోపులడబ్బాలో మెంతుల కింద ఉంటాయి. చుట్టాలొస్తే ఆ పూట వేసుకోదు. సంక్రాంతికి అత్తవారి ఊరెళితే నాలుగు రోజులు లేవు. పంటి డాక్టరుకి చెప్పదు, వెన్నునొప్పికి మాత్ర ఇచ్చే షాపతనికీ చెప్పదు. “ఎర్రగడ్డ కేసు” అంటారని భయం. పైన చెప్పిన జాగ్రత్తల్లో ఒక్కటైనా ఆ డబ్బాలో ఇముడుతుందా? దాచుకుని వేసుకునే మందుని సరిగ్గా వేసుకోవడం ఎలా సాధ్యం?

ఆమె అసలు భయం విడాకులు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత ఒక కారణమే. అయితే జబ్బు పేరు ఒక్కటే చాలదని, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత ఉండాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స గురించీ, దుష్ఫలితాల గురించీ మనకర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కునిచ్చింది, గోప్యత హక్కునీ ఇచ్చింది. ఈ కబురు ఆమెకి డాక్టరు చెప్పలేదు, నేను చెప్పాను.

మాత్ర మొగుడి చెయ్యి ఆపదు. ఆపుతుందని ఎవరూ అనడం లేదు. కానీ మంచం మీంచి లేవలేని మనిషిని పోరాడమనడం కూడా ఒకరకమైన నిర్దయే. మూడోనెలలో నా స్నేహితురాలు ఒక్కతే ఆస్పత్రికెళ్లింది. ఎప్పుడు వేసుకోవాలి, ఏ మాత్రతో కలపకూడదు, ఎలా మానాలి అని అడిగి, చీటీ వెనక తెలుగులో రాయించుకుని వచ్చింది. చీటీని మాత్రం ఇంకా బీరువాలో, చీరల మడతల్లోనే పెట్టింది.